పది కిలోల లోపు

బకెట్ నిండింది. కుళాయి కట్టేసి, నడుము వంచి, బకెట్‌ను నేల మీంచి బెత్తెడు ఎత్తాడు. మళ్ళీ దించాడు.

"పదకొండున్నర," అన్నాడు.

గుమ్మంలో తువ్వాలుతో నిలబడ్డ భార్య నుదురు కొట్టుకుంది. "పది దాటకూడదన్నారు కదా!"

"దాటిందో లేదో చూశాను."

"ఎత్తి చూడ్డమేంటండీ? ఎత్తకుండా చూడాలి గానీ!"

"ఎత్తకపోతే ఎలా తెలుస్తుంది?"

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. చెంబుతో నాలుగైదుసార్లు నీళ్ళు తోడి పారబోసింది. "ఇప్పుడు చూడండి," అనేసి నాలుక కరుచుకుంది.

పార్సిల్ ఆఫీసులో అందరూ అతన్ని కాటా అని పిలుస్తారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా పెట్టెలు, మూటలు దించి ఎక్కించే పని. పొట్టి మనిషి, మెడ లేనట్టుండే భుజాలు. అరచేతులు మాత్రం ఇంకెవరివో తెచ్చి అతికించినట్టు పెద్దవి. ఏ సామానైనా బెత్తెడు లేపి బరువు చెప్పేస్తాడు. అతని మాటకూ తూకపు యంత్రానికీ తేడా వస్తే ముందు యంత్రాన్నే అనుమానిస్తారు. చదువు, రూపం, మాటకారితనం తనకు రాసిపెట్టి లేవని చిన్నప్పుడే తెలుసుకున్నాడు. ఇదొక్కటి మాత్రం తనది.

నాలుగు రోజుల క్రితం, గ్యాస్ నొప్పి అనుకుని తీయించుకున్న స్కానింగ్‌లో వేరే సంగతి బయటపడింది. గుండె నుంచి కడుపులోకి దిగే పెద్ద రక్తనాళం ఒకచోట ఉబ్బింది. డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. నాలుగు పాయింట్ ఎనిమిది సెంటీమీటర్లు. అయిదున్నర దాకా వస్తే ఆపరేషన్. అప్పటిదాకా బీపీ మాత్రలు, ఆరు నెలలకోసారి స్కానింగ్. సిగరెట్ మానెయ్యాలి. ఊపిరి బిగబట్టి బరువులెత్తకూడదు, పది కిలోలు దాటనే కూడదు.

"పగిలితే?" అంది భార్య.

"పగలకుండా ఉండడానికే ఈ జాగ్రత్తలన్నీ."

అతను మాత్రం, "అది బరువెంత ఉంటుందమ్మా?" అని అడిగాడు. డాక్టరమ్మ కలం ఆపి అతని వైపు చూసింది.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి వెల్లకిలా పడుకుని బొడ్డుకు పైన అరచెయ్యి పెట్టుకున్నాడు. చేతి కింద అది కొట్టుకుంటోంది, నిదానంగా, తన పని తాను చేసుకుపోతూ. ఇన్నేళ్ళలో బరువు తెలియకుండా మోస్తున్నది ఇదొక్కటే అనుకున్నాడు. పెద్దగా భయం వేయలేదు. మర్నాడు మామూలుగానే పనిలోకి వెళ్ళాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే చేతులు కట్టుకుని నిలబడాలి. చేతులు కట్టుకున్న కాటా ఎవరికి కావాలి? అందుకని అన్నీ ఎత్తుతూనే ఉన్నాడు. బరువు చూడ్డానికే కదా అని తనకు తాను చెప్పుకున్నాడు.

ఈ రోజు పదిన్నరకు లారీ వచ్చింది. మొదట దింపాల్సింది యంత్రభాగాలున్న చెక్కపెట్టె. అవతలి కొసను, అందరూ పొడుగు అని పిలిచే అతని జతగాడు పట్టుకున్నాడు. పంతొమ్మిదేళ్ళుగా అవతలి కొస అతనిదే. ఇద్దరూ కలిసి ఎత్తేటప్పుడు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టరు. పొడుగు "ఊఁ" అంటాడు, ఇతని ఊపిరి దానంతటదే బిగుసుకుంటుంది.

"ఊఁ," అన్నాడు పొడుగు.

ఊపిరి బిగుసుకుంది. లోపల ఏదో తట్టినట్టయింది. తను మధ్యలో కూలితే ఈ బరువంతా ఎదుటివాడి మోకాళ్ళ మీదికే పోతుందన్న సంగతి, మూడు రోజులుగా రాని ఆలోచన, అప్పుడొచ్చింది. పెట్టె అంచు కింద నుంచి వేళ్ళు తీసేశాడు.

"ఏంటన్నా, గోళ్ళరంగు పోతుందనా?"

"నేను ఎత్తకూడదురా. కడుపులో పెద్ద నరం ఉబ్బింది. పది కిలోలు దాటొద్దన్నారు."

పొడుగు నవ్వబోయి, ఎదుటి ముఖం చూసి ఆగాడు. "ఎప్పుడన్నారు?"

"నాలుగు రోజులైంది."

"మరి నిన్న ఫ్రిజ్జు?"

"ఎత్తాను."

"బుద్ధుందా నీకు? నువ్వు హాయిగా పోయేవాడివి. ఆ ఫ్రిజ్జు ఎవడి కాలి మీద పడేది?"

"నీ కాలి మీదే."

"మరి!" అని పొడుగు ముఖం అటు తిప్పుకున్నాడు. ఈ కొస పట్టమని లారీ డ్రైవర్ని కేకేశాడు.

కాటా పక్కకు జరిగాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. వాళ్ళిద్దరూ వంగారు. పొడుగు మెడ మీద నరం లేచింది. ఎడమ మడమ నేలకు అదుముకుంది, కుడి మోకాలు కొంచెం బయటికి తిరిగింది. ఆ మనిషి ఏ బరువుకు ఎంత వంగుతాడో, ఏ మూలుగు ఎంతసేపుంటుందో కాటాకు తన ఒంటికన్నా బాగా తెలుసు. ఇన్నాళ్ళూ చేతులు తూస్తున్నాయనుకున్నాడు. కళ్ళు కూడా పక్కనే కూర్చుని నేర్చుకున్నాయి కాబోలు.

"అరవై నాలుగు," అన్నాడు.

పెట్టెను మీద దించగానే తూకపు యంత్రం అరవై నాలుగుంబావు చూపించింది.

"చెయ్యి కూడా వెయ్యలేదు!" అన్నాడు డ్రైవర్.

"మోసింది నేను, పేరు ఆయనకి," అన్నాడు పొడుగు చెమట తుడుచుకుంటూ. "రేపట్నుంచి నన్ను చూసి చెప్తాడట. నేనేం సినిమానా?"

సాయంత్రం సూపర్‌వైజర్ అతన్ని పిలిచింది. సంగతి అప్పటికే ఆమె చెవిన పడింది. "రేపట్నుంచి లోపల తూకం దగ్గర ఉండు. కుర్చీ వేయిస్తాను."

"కుర్చీ వద్దు మేడమ్. నిలబడితేనే మోసేవాళ్ళ కాళ్ళు కనబడతాయి."

చొక్కా మార్చుకుని, సరుకు దించే అరుగు మెట్లు మెల్లగా దిగాడు. పొడుగు ఏదో తాడు ముడి విప్పుతున్నట్టు వంగే ఉన్నాడు. కాటా చెయ్యి ఒకసారి బొడ్డు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. ఖాళీ చేతులు ఊపుకుంటూ ఇంటిదారి పట్టాడు.

అరుగు మీద, గోడ మేకుకు, కాటా మూటలు మోసేటప్పుడు భుజాన వేసుకునే గోనెపట్టా వేలాడుతోంది. నాలుగు మడతలుగా కుట్టిన దాని మధ్య, అతని ఎడమ భుజమంత గుంట, అలాగే ఉంది.