మన సైకిల్ మనమే తొక్కాలె

మా రాంజీ మామకు సైకిల్ తొక్కరాదని లోకంలో ముగ్గురికే తెలుసు. ఒకరు ఆయన భార్య తుల్సీబాయి అత్త, ఇంకొకరు నేను, మూడో మనిషి జైసింగ్. మొదటి ఇద్దరితోటి ఏ పరేషానీ లేదు.

రాకపోవుడు ఆయన తప్పు కాదు. పాలకుర్తి దగ్గరి మా లంబాడ తాండకు మామ తండ్రి నాయక్, అంటే పెద్దమనిషి. నాయక్ కొడుకును సైకిల్ తొక్కనిచ్చేదెవరు? చిన్నప్పటి నుంచి ఎవరో ఒకరు "నువ్వు కూసో బాపు" అని తువాలతోటి క్యారియర్ తుడిచి కూసోబెట్టుకునేది. బడికి గట్లనే పోయిండు. పెండ్లి ఖాయం చేసుకోనీకి గట్లనే పోయిండు. తాండల మర్యాద అంటే అది. యాభై ఏండ్లు దాటినంక మామ వెనక కూసునే తీరు చూస్తే, సైకిల్‌ను క్యారియర్ కోసమే తయారు చేసిండ్రేమో అనిపించేది.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు డిపోలల్ల ఉన్నయి, బొగ్గు బాయిలు బందు, బడులు బందు. తాండల మొదటి డిగ్రీ నాది గనుక ఉద్యమ సభలల్ల మామ చెప్పే ఉపన్యాసాలు నేనే రాసిచ్చేది. జనగామ సభల మాత్రం మామ నా కాగితం జేబులనే ఉంచి సొంతంగ మాట్లాడిండు.

"ఎన్నేండ్లు? ఇంకొకడు తొక్కుతుంటే ఎన్నేండ్లు మనం క్యారియర్ మీద కూసోవాలె? బ్రేకు వాని చేతుల, గంట వాని చేతుల! మన సైకిల్ మనమే తొక్కాలె!"

జనం లేచి నిలబడ్డరు. ఒకటే ఈలలు. రాసిచ్చిన మాటకు అంత బలం రాదు, అనుభవం మీద చెప్పిన మాట కదా.

అప్పుడు వేదిక మీది నుంచే జైసింగ్ లేచిండు. పక్క తాండ ఆయనది. మామ ఎక్కిన ప్రతి వేదికా తనకు రావాల్సిందే అనుకుంటడు. "అన్న మస్తు చెప్పిండు. గిది ఉత్త మాట కావద్దు. జనగామ నుంచి మహబూబాబాద్ మీదుగ భూపాలపల్లి దాక రాంజన్న సైకిల్ యాత్ర చేస్తడు! నేను ముందుగాలనే పోయి భూపాలపల్లిల దండ పట్టుకొని నిలబడుత!"

మామ చెయ్యి ఊపిండు. అంతమంది చప్పట్లు కొడుతుంటే ఇంకేం చేస్తడు?

వేదిక దిగంగనే జైసింగ్ మామ చెవుల చెప్పిండు. పక్కనే ఉన్న నాకూ వినపడ్డది. "భూపాలపల్లిలకు నువ్వు తొక్కుకుంట రావాలె. నడిపించుకుంట వచ్చినవో, అదే మైకుల నీ క్యారియర్ కత మొత్తం చెప్త."

ఇంటికి పోయి చెప్తే తుల్సీబాయి అత్త పొయ్యి ముందరి నుంచి లేవకుండనే అన్నది: "నీకు సైకిల్ ఎక్కనొస్తె తెలంగాణ ఎప్పుడో వచ్చేది."

సైకిళ్లు మక్బూల్ ఇచ్చిండు. జనగామల ఆయనది గంటల లెక్కన కిరాయికిచ్చే దుకాణం. గోడకు ఒక పాత క్యాలెండర్ వేలాడుతది. ఏదో దేశం, నది పక్కపొంటి నున్నటి రోడ్డు, గుట్టల నిండ ద్రాక్షతోటలు, నడుమ రంగురంగుల బనీన్ల సైకిలోళ్లు. మామ దాని ముందర చాలాసేపు నిలబడ్డడు.

"వీళ్లు ఏం అడుగుతున్నరు?"

"ఏం అడుగుతలేరు మామూ. శౌక్ కోసం, ఉత్త సరదాకు తొక్కుతున్నరు."

"ఏం అడగకుండ గన్ని గుట్టలు ఎక్కుతరా?" మామ నమ్మలేదు.

సంగతి మక్బూల్‌కు చెప్పక తప్పలేదు. ఆయన నవ్వలేదు. పంపు, పానలు సంచిల వేసుకొని "నేను గూడ వస్త, దారిల నేర్పుత" అన్నడు.

జనగామల జెండా ఊపినప్పుడు మా వెనక ముప్పై మంది దాక పోరగాండ్లు. మామ సైకిల్ హ్యాండిల్ పట్టుకొని నడిచిండు. "ప్రజలతో కలిసి నడుస్తున్నరు" అని పేపరాయన రాసుకున్నడు. ఊరు దాటి పాలకుర్తి రోడ్డు ఎక్కంగనే తాటివనాలు మొదలైనయి. క్యాలెండర్‌ల ద్రాక్షతోటలున్న చోట మాకు తాటిచెట్లు ఉన్నయి, అంతే తేడా. ఉద్యమం పిల్లలని ఒక గౌండ్లాయన పైసలు అడగకుండ కల్లు లొట్టి దించిండు. "మీరు నడువుండ్రి అన్నా, అందుకుంటం" అన్నరు మావాళ్లు. మళ్ల వాళ్లను మేం చూడలేదు. మామకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

ఇగ మా పద్ధతి గిది. నేను తొక్కుత. మామ నా వెనక కూసోని, ఒక చేత్తోటి తన సైకిల్ హ్యాండిల్ పట్టుకుంటడు. అది దూడ లెక్క పక్కపొంటి వస్తది. మక్బూల్ ముందర పోయి, ఊరు కనపడంగనే గంట కొడుతడు. మామ దిగి, జెండా సరిచేసుకొని, సైకిల్ నడిపించుకుంట ఊర్లెకు పోతడు. రోడ్ల మీదనే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్న జనం మాకు అన్నం పెట్టేది. "సైకిల్ ఉండి గూడ మా కోసం నడుస్తున్నడు, బంగారం" అని ఒక అవ్వ మామ కాళ్లు చూసి కండ్లనీళ్లు పెట్టుకున్నది. నా మోకాళ్లను ఎవ్వరు చూడలేదు. మామ ఆ ఊర్లె "మన సైకిల్ మనమే తొక్కాలె" అని చెప్పి, ఊరు దాటంగనే నా వెనక ఎక్కేది.

"నీకు బరువైతున్ననా రమేశా?"

"లేదు మామ."

"గట్లైతే జర జల్ది తొక్కు."

ఆకేరు వాగు ఒడ్డుకు పాఠాలు మొదలైనయి. మక్బూల్ సీటు వెనక పట్టుకొని ఉరికేది. "ముందట చూడు మామూ, పెడల్ దిక్కు గాదు!" భయమైతే మామ నోట్ల తెలుగు పోయి మా ఇంటి మాట వస్తది. యాడీ, యాడీ అని తల్లిని పిలుసుకుంట వాగు ఇసుకంత పడ్డడు. మహబూబాబాద్‌ల పడ్డడు. గుట్టలల్ల, అడవి రోడ్డు మీద, ఎవరూ లేని చోట చూసుకొని పడ్డడు. ఆఖరుకు ఎక్కుడు రాలె, దిగుడు రాలె, నడుమ ఉన్న తొక్కుడు మాత్రం వచ్చింది. కల్వర్టు దిమ్మె మీద కాలు పెట్టిచ్చి మేం తోస్తే చక్కగ పోయేది. ఆగాలంటే దేన్నన్న గుద్దాలె.

"బ్రేకు పట్టు మామూ!"

"పడితె పడుత గద!"

చెల్పూర్ కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనపడ్డ రోజు మామ అన్నం ముట్టలేదు. భూపాలపల్లి దిక్కు నుంచి డోలు సప్పుడు వినొస్తున్నది.

"జ్వరమని చెప్పనా మామ?" అన్న.

"జైసింగ్ మైకు పట్టుకొని ఉంటడు రా." పళ్లెం పక్కకు జరిపి అన్నడు: "ఇన్నేండ్లు తాండ నన్ను కూసోబెట్టుకొని తొక్కింది. మా నాయిన మీది మర్యాదతోటి తొక్కింది. ఇయ్యాల గదంత నవ్వులాట అయితది."

ఊరి ముందర రోడ్డు జర దిగుడు ఉంటది. నేను మామను దిమ్మె మీది నుంచి ఎక్కించి తోయాలె. మక్బూల్ ముందే పోయి వేదిక కాడ సైకిల్‌ను పట్టుకొని దించాలె. అట్లనుకున్నం. మక్బూల్ పోయిండు. ముందుగాల సైకిల్ మీద వచ్చిన మనిషిని చూసి కమిటీ వాళ్లు ఆయన మెడల దండేసి భుజాల మీదికి ఎత్తుకున్నరు. "మై నై! మై నై!" నేను కాదు, నేను కాదని మక్బూల్ పైనుంచి మొత్తుకుంటున్నడు. డోలు సప్పుడుల ఎవరికి వినపడుతది?

ఆ గుంపు నడుమ నుంచే మామ వచ్చిండు. నిటారుగ, రెప్ప గొట్టకుండ, ముందటికే చూసుకుంట వచ్చిండు. దండలోళ్లు పక్కకు దుంకిండ్రు. మైకు నోటికాడ పెట్టుకున్న జైసింగ్ అట్లనే ఉండిపోయిండు. మామ హారతి పళ్లెం దాటిండు, వేదిక దాటిండు. ఊరవతల రోడ్డుకు అడ్డం డ్రమ్ములు పెట్టిన పోలీసు ఒకాయన చెయ్యి అడ్డం పెట్టి, మామ ముఖం చూసి, చెయ్యి తీసేసిండు. డ్రమ్ముల సందుల నుంచి మామ కనపడకుండ పోయిండు.

డోలు ఆగింది. ఎవరో "దండలకు ఆగలే, పోలీసోళ్లకు గూడ ఆగలే!" అన్నరు. అంతే, జనం ఒక్కసారే జై కొట్టిండ్రు. గాలి ఎటు తిరిగిందో జైసింగ్‌కు తెలిసిపోయింది, ఆయన డిగ్రీ ఆ చదువులనే ఉన్నది.

"చూసిండ్రా మా అన్నను! తెలంగాణ వచ్చేదాక సైకిల్ దిగనని ఒట్టు పెట్టుకున్నడు! నాకు జనగామలనే చెవుల చెప్పిండు!"

నేను, మెడల దండలతోటి మక్బూల్, తొక్కుకుంట పోయినం. మామ రోడ్డు పక్క వరిమడిల వెల్లకిల పడి ఉన్నడు. దెబ్బలేం లేవు, మెడదాక బురద. సైకిల్ ఆయన పక్కనే బోర్ల పడి ఉన్నది.

"ఎవడన్న చూసిండా?"

"పడ్డది ఎవ్వరు చూడలే మామ."

"తొక్కింది?"

"ఊరంత చూసింది."

మామ బురదల పడుకునే నవ్విండు. ఆ నవ్వు నేను ఎన్నడూ చూడలేదు. జైసింగ్ మైకుల చెప్పింది చెప్పిన. లేచి కూసోని ఆలోచించిండు. డోలు మళ్ల మొదలైంది, జనం ఇటే వస్తున్నరు. నేను అలవాటు చొప్పున తువాలతోటి క్యారియర్ తుడిచి "కూసో మామ" అన్న.

"గది గాదు. వాళ్లు వచ్చేలోపు నా సైకిల్ మీద ఎక్కించుండ్రి."

"దిగుడు రాదు గద మామూ?" అన్నడు మక్బూల్.

"దిగమని ఇగ ఎవడడుగుతడు?"