టైలరు మాస్టారి ఎడమ చెయ్యి

మిగిలిన దారపు కొసను పంటితో కొరికి, టైలరు మాస్టారు పట్టీని తిరగేసి చూసుకున్నారు. బీపీ చూసేటప్పుడు రోగి చేతికి చుట్టే పట్టీ అది. లోపలి రబ్బరు సంచి ఏళ్ళ తరబడి ఉంటుంది గాని, పైగుడ్డ మాత్రం ఏడాది తిరక్కుండానే పీలికలవుతుంది. కొత్తవి కావాలని రాసిన కాగితం ఏ బల్ల మీద కునుకు తీస్తోందో ఎవరికీ తెలియదు. అందుకని ఆసుపత్రిలో చిరిగిన ప్రతి పట్టీ చివరికి మెట్ల కింది ఈ ఇరుకు గదికే చేరుతుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన కుట్టినదేదీ కుట్టు ఊడి వెనక్కి రాలేదు. ఆ మాట ఆయన రోజుకొక్కసారైనా ఎవరికో ఒకరికి చెబుతారు. వినేవాళ్ళు దొరక్కపోతే మిషనుకి చెబుతారు.

ఆ ఉదయం సూదిలోకి దారం ఎక్కడానికి నాలుగుసార్లు పట్టింది. తెల్లవారుజామున చలితో వణికి లేచారు. భార్య ఆయన నుదుటి మీద చెయ్యి వేసి, "ఒళ్ళు పెనంలా ఉంది. ఇవాళ్టికి మానెయ్యండి" అంది.

"వార్డుకి పట్టీ ఇస్తానని మాటిచ్చాను. ఇచ్చేసి పెందరాళే వచ్చేస్తాలే" అని చెప్పులేసుకుని బయల్దేరారు.

మడమ దగ్గర మేజోడు తడిగా ఉంది. మూడు వారాల క్రితం మిషను కింది పెడలు అంచు గీరుకుంది. ఒంట్లో చక్కెర జబ్బు ఉన్నందువల్ల ఆ కాలికి నొప్పి తెలియదు. నొప్పి లేనిది పుండే కాదని ఆయన లెక్క. అన్నేళ్ళు ఆసుపత్రిలో పని చేస్తూ, ఒక్క డాక్టరు గదిలోనూ కుర్చీ మీద కూర్చోని మనిషి. ఎప్పుడు వెళ్ళినా పరదాలు కొలవడానికే.

పదింటికి పట్టీ పట్టుకుని పై వార్డుకి వెళ్ళారు. మెట్ల మీద రెండుసార్లు ఆగారు. హెడ్డు నర్సు ఆయన్ని చూడగానే పాదరసం పెట్టె ముందుకు లాగి, "రండి మాస్టారూ, చెయ్యి ఇవ్వండి" అంది.

అది వాళ్ళిద్దరి మధ్య పాత అలవాటు. బాగు చేసిన ప్రతి పట్టీనీ ముందు ఆయన ఎడమ చేతికే చుట్టి చూస్తారు. ఎన్నేళ్ళైనా ఆ చేతి లెక్క నూట ముప్ఫై, ఎనభై. ఒకటో రెండో అటూ ఇటూ, అంతే. వార్డులో నర్సులందరూ దాన్ని కొలబద్ద చెయ్యి అంటారు. ఆ పేరు విన్నప్పుడల్లా ఆయనకి లోపల్లోపల మహా గర్వం.

సిస్టరు గాలి కొట్టి, స్టెతస్కోపుతో విని, మొహం చిట్లించింది. "తొంభై ఆరు. గాలి ఎక్కడో కారుతున్నట్టుంది మాస్టారూ."

ఆయనకి తల కొట్టేసినట్టయింది. "నా చేతి కుట్టేనా?" అని గొణుక్కుంటూ పట్టీ తీసుకుని కిందికి దిగారు.

కుట్టు మొత్తం విప్పేశారు. రబ్బరు సంచిని నీళ్ళలో ముంచి నొక్కి చూశారు. ఒక్క బుడగ రాలేదు. అంటే తప్పు గుడ్డదే, తనదే. మళ్ళీ కొలిచి, బిగించి కుట్టారు. గదిలో ఉక్కగా ఉన్నా వేళ్ళు చల్లబడిపోయాయి. కూర్చునే ఉన్నా పరిగెత్తి వచ్చినట్టు రొప్పుతున్నారు. అన్నం డబ్బా మూత తియ్యలేదు. పొద్దుటి నుంచీ బాత్రూముకి కూడా పోలేదు, పని సాగుతోంది కదా అనుకున్నారు.

ఒంటిగంటకి చూస్తే ఎనభై నాలుగు. అప్పుడే ముగ్గురు కొత్త రోగులు వచ్చి పడ్డారు. సిస్టరుకి ఊపిరి తిప్పుకునే తీరిక లేదు. "ఇంకా తగ్గిందేమిటండీ? ఇంకోసారి చూడండి" అని పట్టీ ఆయన చేతిలో పెట్టి పరిగెత్తింది. ఆయన మొహం చూడలేదు.

మళ్ళీ విప్పి కుట్టి, మూడున్నరకి గోడ పట్టుకుని మూడోసారి పైకొచ్చారు. డెబ్భై. సిస్టరు పాదరసం వంక చూసింది, పట్టీ వంక చూసింది, ఆ తర్వాత గాని మనిషి వంక చూడలేదు. పెదవులు బూడిద రంగులో ఉన్నాయి. ఆమె గబగబా పట్టీ విప్పి తన చేతికి చుట్టుకుని, పక్క నర్సు చేత గాలి కొట్టించుకుంది.

"నూట పద్దెనిమిది, డెబ్భై ఆరు" అంది ఆ నర్సు.

సిస్టరు ఆయన మణికట్టు పట్టుకుని నాడి వెతికింది. మాస్టారి మొహం మాత్రం విప్పారింది. "అయితే కుట్టు బాగానే ఉందన్నమాట" అన్నారు.

ఆమె ఆయన్ని దగ్గర మంచం మీద పడుకోబెట్టింది. డ్యూటీ డాక్టరు వచ్చి మేజోడు లాగితే మడమ నల్లగా ఉంది, వాసన వేసింది.

"పొద్దుట్నుంచీ ఒంటేలుకి వెళ్ళారా?"

"లేదు బాబూ, తీరికేదీ?"

పుండు విషం రక్తంలోకి ఎక్కి, ప్రెజరు కూలిపోయింది. సెలైన్లు పెట్టారు, యాంటీబయాటిక్ ఎక్కించారు, ప్రెజరు నిలబెట్టే మందు సన్న ధారగా మొదలుపెట్టారు. భార్య వచ్చేసరికి ఆయన గాజు తలుపుల గదిలో ఉన్నారు.

"సగటు ప్రెజరు అరవై అయిదు పైన నిలబడాలమ్మా. అప్పుడే మూత్రపిండాలకీ, మెదడుకీ రక్తం అందుతుంది. ఇప్పుడైతే మందు నిలబెడుతోంది" అన్నాడు డాక్టరు.

ఆమెకి అర్థమైంది ఆ ఒక్క అంకె. మంచం పక్క తెర మీద అరవై ఆరు కనిపిస్తే కొంగు వదిలేది, అరవై మూడు కనిపిస్తే పిడికిట్లో బిగించేది. గంటసేపు అరవై ఏడు నిలిచింది. తర్వాత యాభై తొమ్మిది. మందు పెంచారు. అరవై రెండు. మళ్ళీ పెంచారు.

ఒకసారి ఆయన కళ్ళు తెరిచి, "సిస్టరుగారు పట్టీ తీసుకున్నారా?" అన్నారు.

"తీసుకున్నారండీ, బాగుందన్నారు" అంది ఆమె.

రాత్రి డ్యూటీ వాళ్ళు వచ్చేలోపే ఆయన వెళ్ళిపోయారు. పెద్ద హడావుడేమీ లేదు. అంకె తగ్గుతూ తగ్గుతూ ఆగింది.

సిస్టరు డ్యూటీ దిగి కూడా ఇంటికి వెళ్ళలేదు. దుప్పట్ల గదిలో తలుపేసుకుని ఏడ్చింది. పదింటికే ఆ చెయ్యి నిజం చెప్పింది, అయిదున్నర గంటల పాటు తను పట్టీని అనుమానించింది. అప్పుడే మందు మొదలై ఉంటే బతికేవారేమో. బతికేవారు కాదని మాత్రం ఆమెకి ఎవరూ చెప్పలేకపోయారు.

మర్నాడు పొద్దున నాలుగో మంచం మనిషికి బీపీ చూసి, నూట ఇరవై నాలుగు అని రాసుకుని, ఆమె పట్టీని మేకుకి తగిలించింది. అంచు వెంబడి రెండుసార్లు విప్పిన సూది బెజ్జాలు, వాటి పక్కనే ఎక్కడా వంకర పోని మూడో వరస కుట్టు.