అయిదు నుంచి అయిదున్నర

"ఇది నాలుగో నోటుబుక్కా, అయిదోదేటి?" అన్నాడు జీవానందం, ఆఫీసుకు వెళ్తూ చెప్పులేసుకుంటూ. వెటకారంగా కాదు, సరదాగానే అన్నాడు. అరుగు మీద తమలపాకు నములుతున్న అతని తల్లి అమ్మన్నమ్మ కూడా నవ్వింది. భర్త డబ్బాలో పచ్చడి సర్దుతున్న పుష్పకుమారి మాత్రం తలెత్తలేదు. అది అయిదోదే మరి.

ఒడిశాలోని రాయగడ తెలుగు బడిలో ఆమె తొమ్మిదేళ్లుగా టెంపరరీ టీచరు. ఒడియా పరీక్ష పాసైతే ఉద్యోగం ఖాయం చేస్తామని చేరిన ఏడాదే చెప్పారు. ఒడియాలో ఆమె సంతలో బేరమాడగలదు, పోట్లాడగలదు. రాయడమే రాదు. రెండేళ్లకోసారి చర్చిలో కూటాలు జరిగినప్పుడు, "లేచి నడువు" అని పాస్టరుగారు గొంతెత్తితే ఒళ్లు పులకరించేది. మర్నాడే కొత్త నోటుబుక్కు కొనేది. నాలుగు రోజులు రాసేది. అయిదో రోజు ఎవరికో జ్వరం, ఎవరో చుట్టాలు. మళ్లీ మనసు పుట్టాక మొదలెడదామనుకునేది.

డెబ్బై ఆరు జూలైలో కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చి తేల్చి చెప్పేశాడు. వచ్చే ఏడాది మార్చిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి పరీక్ష. రెండూ తప్పితే బడి మానుకోవలసిందే.

ఆ మర్నాడు ఆమెకు జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది. అయినా లేచింది, పొయ్యి వెలిగించింది, ఎసరు పెట్టింది. బియ్యం కడుగుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. పదమూడేళ్ల కాపురంలో ఒక్కనాడైనా బియ్యం కడగాలని తన మనసు ఉవ్విళ్లూరిందా? కడుపు పోయిన వారానికే ఇక్కడ నిలబడింది. అమ్మ పోయిందని తంతి వచ్చిన పొద్దున కూడా అందరికీ టీ ఇచ్చాకే బస్సెక్కింది. ఈ వేళ నాకు ఉత్సాహంగా లేదంటే ఈ ఇంట్లో వినేవాళ్లెవరు? ఉత్సాహం లేకుండా పని చేయడంలో తనకంటే ఆరితేరిన మనిషి ఈ వీధిలోనే లేదు. ఆ నేర్పంతా ఇంటికి ధారపోసి, తన పని దగ్గరికొచ్చేసరికి మాత్రం పాస్టరుగారు పులకరింపజేయాలని, ఎవరో ఒకరు మెచ్చుకోవాలని కూర్చుంది! అన్నం వండడానికి లేని ముహూర్తం అక్షరం దిద్దడానికెందుకు?

వీధి కుళాయి అయిదున్నరకి వస్తుంది. అయిదింటికి లేచి వంటింటి గుమ్మంలో పీట వేసుకుని ఒక్క పేజీ రాయాలి. బాగా రాయాలన్న పట్టింపు లేదు. రాయాలి, అంతే.

"ఓలమ్మ, తెల్లారకుండా ఏటే ఆ రాతలు? టీ ఎవులు పెడతారు?" అంది అమ్మన్నమ్మ మొదటి రోజు.

"అయిదున్నరకి పెడతానత్తా."

"అందాకా నా గొంతెండిపోవాలేటి?"

పుష్పకుమారి చెంబుతో మంచినీళ్లు అందించి మళ్లీ పీట మీద కూర్చుంది. కుళాయి వచ్చేలోగా పేజీ పూర్తయింది.

కొన్ని రోజులు కునికిపాట్లతో గీతలు వంకరపోయేవి. కొన్ని రోజులు అక్షరాలను చూస్తేనే ఏడుపొచ్చేది. ఏడుస్తూనే రాసింది. క్రిస్మసుకి విజయనగరం నుంచి ఆడపడుచు కుటుంబం దిగితే, ఇంట్లో కాలు పెట్టే చోటు లేక, చలిలో దుప్పటి కప్పుకుని అరుగు మీద కూర్చుంది. వీధి ఊడుస్తున్న మున్సిపాలిటీ గురమ్మ ఆమెను చూసి, "మీ బిందె నేను కుళాయి కాడ వరసలో పెడతాను, రాసుకోండి టీచరమ్మా" అంది.

మార్చిలో పరీక్ష రాసింది. నాలుగు మార్కుల తేడాతో తప్పింది.

ఆ సాయంత్రం జీవానందం పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు. "పోన్లే పుష్పా. నీ మనసు ఇరిగిపోయుంటాది. కొన్నాళ్లు ఆపీ." ఆ మాటలో ప్రేమ ఉంది. అందుకే ఆమెకు భయమేసింది. ఇంతకుముందు నాలుగుసార్లూ ఇంత మెత్తగానే ఆగిపోయింది.

మర్నాడు అయిదింటికి ఆమెలో ఏ పట్టుదలా లేదు. కసి కూడా లేదు. లోపలంతా ఖాళీ. పీట వాల్చుకుని, తేదీ వేసి, మొదటి వాక్యం రాసింది.

"మనసు బాగులేదు కదా, మళ్లీ ఇదేటి?" నిద్ర కళ్లతో వచ్చాడు జీవానందం.

"బాగులేదండీ. కానీ అయిదైంది కదా."

అతను చప్పుడు చేయకుండా వెళ్లి తనే పొయ్యి మీద టీ నీళ్లు పెట్టాడు.

సెప్టెంబరులో పుష్పకుమారి పాసైంది. ఉద్యోగం ఖాయమైన కాగితం వచ్చిన రోజు జీవానందం వీధంతా మిఠాయి పంచాడు. "మా ఆవిడికి పట్టుదలెక్కువ, పుట్టుకతోనే అంత" అని అందరికీ చెప్పుకున్నాడు. ఆమె నవ్వింది.

మర్నాడు పొద్దున్న అయిదింటికి అమ్మన్నమ్మ లేచి చూస్తే, కోడలు కొత్త నోటుబుక్కు ముందేసుకుని కూర్చుని ఉంది. ఏం రాయాలో ఇంకా తోచినట్టు లేదు. పేజీ తెల్లగానే ఉంది.

"పరీచ్చ అయిపోనాది కదే! లెగిసి మాకు అట్లెయ్యొచ్చు కదా, ఇంకా ఏటి ఆ రాతలు?"

పుష్పకుమారి పెన్ను మూత తీసింది.

"అయిపోయింది పరీక్షత్తా. ఈ అరగంట నాది."