మామగారు దిద్దిన దొంగ

మామగారి మీద కోడలికి ఫిర్యాదులేమీ లేవు, ఒక్కటి తప్ప. ఆయన ఏదీ చదవరు, దిద్దుతారు. నలభై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన చెయ్యి మరి, ఊరుకోదు. సబ్బు పెట్టె మీది సూచనలు, కరెంటు బిల్లు, కోడలు రాసిన సరుకుల చీటీ, అన్నీ ఎర్ర పెన్సిలు బారిన పడ్డవే.

అలాంటి మనిషి ఉన్న ఇంటికి లైబ్రరీవాళ్లు ఏరికోరి ఒక నవల ఇచ్చారు. పేటంతా అదే చదవాలట. పుస్తకానికి ఒక నెరిసిన తల, ఒక బడిపిల్ల చొప్పున జంట. కథలో ఓడ మీద నగలపెట్టె పోతుంది. దొంగ ఎవరో చెప్పే చివరి అధ్యాయాన్ని లైబ్రరీ మేడమ్ పిన్నులు కొట్టి మూసేసింది. దొంగను సరిగ్గా పట్టిన జంటల్లోని పిల్లలే ఆదివారం వేదికెక్కి దాన్ని చదవాలి.

ఇక పేటకు పిచ్చెక్కింది. సెలూన్ అతను సగం గడ్డం గీసి, కత్తి గాల్లో ఆపి, "కెప్టెన్ మీద మీకు అనుమానం లేదా బాబాయ్?" అని ఆరా తీసేవాడు. దర్జీ మామ్మ ఆలోచనలో పడి ఒక చొక్కాకు మూడో చెయ్యి కుట్టింది. బస్సు కండక్టరు టికెట్ల వెనక అనుమానితుల జాబితా రాసిచ్చాడు. కోడలి కూతురు, తొమ్మిదేళ్ల పిడుగు, గరిటెను మైకు చేసుకుని అద్దం ముందు రోజూ సభ జరిపేది. ఆ వేదిక ఎక్కకపోతే బడి మానేస్తానని ముందే చెప్పేసింది.

నవల సగంలో దొంగ రాసిన ఉత్తరం వచ్చింది. "బయపడకండి. నగలు బద్రం."

"అచ్చుతప్పులు," అని మామగారు రెండు ఒత్తులు పెట్టారు.

పది పేజీలు పోయాక ఓడ వంటవాడు రాసిన చీటీ. "బోజనం సిద్దం."

"తాతయ్యా, ఇతనికీ ఒత్తులు రావు. ఆ ఉత్తరం ఇతనే రాశాడేమో."

"ఉత్తరం రాసింది దొంగ. ఒత్తులు మింగింది అచ్చువాడు. ఇద్దరినీ కలపకు," అంటూ మామగారు అక్కడా దిద్దేశారు. "దొంగ డాక్టరు. మొదటి పేజీ నుంచీ వాడి నోట ఒక్క తప్పు దొర్లలేదు. అంత శుద్ధంగా మాట్లాడేవాణ్ని నమ్మకూడదు."

"ఆ మాట మీరే అనాలి మామయ్యగారూ," అంది కోడలు, కూర తరుగుతూ.

ఆదివారం లైబ్రరీ హాలు గుమ్మంలో పిడుగు తమ జంట చీటీ మీద "వంటవాడు" అని రాసింది. మామగారు దాన్ని లాక్కుని కొట్టేసి, పైన "డాక్టరు" అని రాసి డబ్బాలో వేశారు.

"పిల్లని రాయనివ్వొచ్చుగా," అంది కోడలు.

"సరిచేశానమ్మా, అంతే."

మేడమ్ చీటీలు చదవసాగింది. వంటవాడు. వంటవాడు. మళ్లీ వంటవాడు. "ఒత్తులు ఎగ్గొట్టి దొరికిపోయాడు," అందావిడ. పిల్లలు చీమల్లా వేదికెక్కుతున్నారు. దర్జీ మామ్మ మనవరాలి కంటే ముందే లేచి, పిలిచింది పిల్లల్నని తెలిసి కూర్చుంది. ఇటు వరసలో పిడుగు ఒక్కతే మిగిలింది.

"ఊరంతా కలిసి చేస్తే తప్పు ఒప్పైపోదు," అన్నారు మామగారు.

మేడమ్ ఇంకో చీటీ విప్పింది.

"అయినా కావాలని చేసిన తప్పులైతే పేజీ అడుగున ఆ సంగతి ఒక ముక్క అచ్చు వెయ్యాలి. వేశారా?"

"ఏమని మామయ్యగారూ? దొంగ వీడేననా?"

ఆయన ఫ్యాను వైపు చూశారు.

చివరి చీటీ తీసి మేడమ్ నవ్వు ఆపుకుంది. "ఇందులో వంటవాడు కొట్టేసి ఉన్నాడు. పైన ఎర్రగా డాక్టరు. ఏది లెక్కలోకి తీసుకోను?"

హాలంతా ఎర్ర పెన్సిలు ఎవరిదో తెలిసినట్టే ఇటు తిరిగింది. పిడుగు మాత్రం తన చెప్పుల్ని చూసుకుంటోంది. తాతయ్య పేరు చెప్పలేదు.

మామగారు లేచారు. గొంతు సవరించుకున్నారు. కూర్చోబోయి మళ్లీ లేచారు.

"ఎర్రది కొట్టెయ్యండమ్మా. పిల్ల రాసిందే ఒప్పు. తప్పు నాది."