నాలుగుతో ముగిసే నంబరు

చైనాలో వూహు నగరంలోని ఒక ఆసుపత్రిలో పెద్ద డాక్టర్ల టోకెన్లు పొద్దున ఎనిమిదింటికి ఫోన్లలో తెరుచుకుంటాయి. సోమవారం తెరుచుకున్న నిమిషానికే చాలామందికి ఎక్కడివక్కడ ఆగిపోయాయి. డైరెక్టరు ఒకే మాటన్నాడు: రేపూ ఇలాగే అయితే కిటికీ తెరిచి కాగితం టోకెన్లిస్తాం. కిటికీ అంటే వరుస. వరుస అంటే దళారులు. తెల్లారకముందే చాపలు పరిచి, టోకెన్లు పట్టి, గుండెజబ్బు మనుషులకు పదింతలకు అమ్మే జనం.

లూ దెహ్వై ఇరవయ్యేళ్లుగా అక్కడి డేటాబేసుకు కాపలా. అది నిండినప్పుడల్లా ఆదివారం సేవ ఆపి, కొత్త యంత్రంలోకి మోసేవాడు. కిందటి నెల క్లౌడ్ వాళ్ల మధ్యవర్తి సాఫ్ట్‌వేరు వచ్చింది. ముందు నుంచి చూస్తే ఒకే డేటాబేసు, వెనక పది. రాసే పనిని అసలుకు, చదివే పనిని నకళ్లకు అదే పంపుతుంది. ఏ రోగి వివరాలు ఎందులోకి పోవాలో మాత్రం మనిషి చెప్పాలి. లూ చెప్పాడు: ఫోన్ నంబరు చివరి అంకెను బట్టి.

"నీ మధ్యవర్తి పనికిరాదు, మియావ్" అన్నాడు దాన్ని తెచ్చిన తోటి ఇంజనీరు మియావ్ రుయ్‌తో. "నా పంపకంలో తప్పు లేదు. పొద్దున నా ఫోన్‌తోనే చూశా. చిటికెలో టోకెనొచ్చింది."

"మీ నంబరు చివర ఎంత, మాస్టారూ?"

"నాలుగు."

ఆమె నవ్వేసింది. "చావు అంకె. పలికితే చావన్నట్టే వినిపిస్తుంది. ఎవడంటగట్టాడు మీకు?"

"చవగ్గా వచ్చింది. నాకు భయం లేదు."

"ఊరందరికీ ఉంది. ఇటు చూడండి." తెర తిప్పింది. నాలుగో డేటాబేసు దాదాపు ఖాళీ. ఎనిమిదోది ఊపిరాడక ఎర్రబడింది. "ఎనిమిదైతే అదృష్టమని జనం ఎక్కువ డబ్బిచ్చి కొంటారు. వాళ్లందర్నీ ఒకే గుమ్మంలోకి తోసి, మీరు ఖాళీ గుమ్మంలోంచి దర్జాగా వెళ్లొచ్చారు."

లూ తెర మీదికి వంగి చూశాడు. యంత్రం తను చెప్పింది చెప్పినట్టే చేసింది.

"అయితే పంపకం మార్చడానికి రోజంతా సేవ ఆపాలి" అన్నాడు చివరికి.

"ఆపక్కర్లేదు."

మియావ్ రోగి నంబరులోని అంకెలన్నీ కలగలిపి, పదికి బదులు పదహారు డేటాబేసులకు సమంగా పంచే కొత్త నియమం పెట్టింది. కింద పాత వివరాలు తరలుతున్నాయి, పైన జనం టోకెన్లు తీసుకుంటూనే ఉన్నారు. ఎక్కడో ఒకచోట తెగుతుందని లూ సాయంత్రం దాకా కాచుక్కూర్చున్నాడు. తెగలేదు. పాత ఇంటి నుంచి కొత్త ఇంటికి మారిన క్షణం, అతను టీ ఫ్లాస్కు మూత బిగించేలోపు అయిపోయింది. రోగుల వివరాల వరుసలు రెండుసార్లు లెక్కపెట్టించాడు. ఒక్కటీ తగ్గలేదు. తను సేవ ఆపిన ఆదివారాలు గుర్తొచ్చాయి. ఆ పూటలన్నీ భార్య ఒంటరిగా తింది. ఆమె ఇప్పుడు లేదు.

మంగళవారం ఎనిమిదింటికి తెరమీద పదహారు గీతలు కలిసి లేచాయి, కలిసి దిగాయి. మూడు నిమిషాల్లో టోకెన్లన్నీ రోగుల ఫోన్లకు చేరాయి.

లూ, మియావ్ బన్నులకని గేటు దగ్గరికెళ్లారు. మడత స్టూలు మీద ఒక దళారి పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్నాడు. "పెద్దాయనా, మీ టోకెన్ల యంత్రం ఆగిందా?"

"ఆగలేదు."

"రేపు?"

"ఊరు రెండింతలైనా ఆగదు. గట్టి సరుకు."

లూ నోట మెప్పు వినడం మియావ్‌కు అదే మొదటిసారి. దళారి గింజల పొట్టు దులుపుకుని, స్టూలు మడిచాడు.