గలీబు లేని దిండ్లు

పదకొండో ఊదుకు దిండు బిగిసింది. మాసయ్య మూతి తుడుచుకుని, రబ్బరు బిరడా లోపలికి నొక్కి, ఆ నీలిరంగు గాలిదిండును అరచేత్తో రెండుసార్లు తట్టి చూపించాడు. గద్వాల బస్సులో సగం సీట్లే నిండాయి. ఎనిమిది దాటినా డ్రైవరు ఇంకా టీ బండి దగ్గరే నిలబడి ఉన్నాడు.

“మెడ నొయ్యదు, తల వాలదు. గాలి తీస్తే జేబుల పడ్తది. గొలుసుంది, తాళముంది. సంచి సీటుకు కట్టేసి బేఫికర్‌గ పండుండ్రి, ఎవ్వరు గుంజుకపోరు...”

ఈ మాటలు అతను తలుచుకోనక్కరలేదు. నోరు తెరిస్తే వాటంతటవే వస్తాయి. వనపర్తి బస్టాండులో ఇరవై రెండేళ్లుగా ఇదే నోరు. మొదట్లో దువ్వెనలు, జేబురుమాళ్లు అమ్మేవాడు. ప్రయాణం చేసేవాడికి దువ్వెన కన్నా నిద్ర ముఖ్యమని ఎప్పుడో తెలుసుకుని సరుకు మార్చాడు. మెడలో వేలాడే వెదురు చట్రానికి కొక్కేలు, వాటికి గాలిదిండ్లు, గొలుసులు, బొటనవేలంత చైనా టార్చిలు, కళ్లకు కట్టుకునే నల్లగుడ్డలు, చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిళ్లలు, బ్యాటరీతో తిరిగే చేతిఫ్యాన్లు. ఈ రెండు మూడేళ్ల నుంచి సెల్‌ఫోను సంచులు కూడా చేరాయి. రెండు నెలలకోసారి హైదరాబాదు బేగంబజారుకు పోయి తెచ్చుకుంటాడు. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు కిటికీ ఊచ పట్టుకుని నిటారుగా కూర్చుంటాడు. బస్సులో ఒక్కసారి కూడా కునుకు తీసిన మనిషి కాడు.

యాభై ఆరేళ్లు. చట్రం బరువుకు కుడి భుజం ఎడమదాని కన్నా రెండు వేళ్లు కిందికి దిగింది. ఊది ఊది బుగ్గలు వదులై, మాట్లాడనప్పుడు ముఖానికి అటూ ఇటూ ఖాళీ సంచుల్లా వేలాడతాయి. అబద్ధం ఆడడని అతనికి పేరు.

“ఫ్యాను ఎన్ని దినాలొస్తది?” అని ముందు సీటు రైతు అడిగాడు.

“నెల తిరుగుతది. ఆ పైన నీ అదృష్టం.”

రైతు నవ్వి, ఫ్యాను పక్కన పెట్టి టార్చి తీసుకున్నాడు. చివరి సీటులో కూర్చున్న ముసలామె దిండును వేలితో నొక్కి చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

“గలీబు లేదేంది? ఇంతకుముందు ఉంటుండె గద.”

“ఇప్పుడు వస్తలేవమ్మా” అని మాసయ్య బస్సు దిగాడు.

గలీబుల సంగతి, ఆ దిండు తొడుగుల సంగతి, అతని భార్య కిష్టమ్మది. పాలమూరు ఎండకు రబ్బరు దిండు మెడకు అంటుకుంటుంది, చెమట పడితే వాసన కొడుతుంది. కొన్నవాళ్లు మరుసటి వారం తిరిగొచ్చి ముఖం మీద పారేసి పోయేవాళ్లు. ఒకరోజు ఆమె అన్నం పెడుతూ పెడుతూ ఆ దిండును అటూ ఇటూ తిప్పి చూసింది. తెల్లారేసరికి పాత చీర ముక్కతో దానికి ఒక తొడుగు కుట్టి పెట్టింది. బిరడా బయటికి వచ్చేలా చిన్న కాజా కూడా తీసింది. అప్పటి నుంచి మాసయ్య దశ తిరిగిందని చెప్పలేం గానీ, సరుకు తిరిగి రావడం మాత్రం ఆగిపోయింది. నాగర్‌కర్నూల్ పంతుళ్లు, మానవపాడు నుంచి పెద్ద దవాఖానకు పోయే రోగులు, నల్లమల నుంచి మన్ననూర్ మీదుగా వచ్చే ఫారెస్టు గార్డులు, అందరూ ‘గలీబు దిండు’ అని పేరుపెట్టి అడిగేవాళ్లు. ఆరేళ్లు ఆమె మిషను ఆగలేదు.

పద్నాలుగు నెలలుగా ఆగింది.

మధ్యాహ్నం పన్నెండున్నరకు నాగర్‌కర్నూల్ బస్సు ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. మిగతా బస్సుల్లో మాసయ్య చూపు జనం చేతుల మీద ఉంటుంది. ఈ బస్సులో మాత్రం మెడల మీద ఉంటుంది. ముందు నుంచి వెనక దాకా ఒకసారి, వెనక నుంచి ముందు దాకా ఇంకోసారి, ప్రతి మెడ వెనకా చూస్తాడు. కండక్టర్ సామ్యూల్‌కు ఇది తెలుసు. అందుకే మాసయ్య దిగేదాకా ఈల ఊదడు.

ఒక్కగానొక్క కొడుకు శివ, మేస్త్రీ వెంట పోయే కూలీల గుంపులో చేరి పూణె పోయాడు. పోయేరోజు మాసయ్యే చట్రంలోంచి ఒక దిండు, ఒక గొలుసు తాళం తీసి ఇచ్చాడు. దిండుకు ఆకుపచ్చ గుడ్డ మీద తెల్లతీగల గలీబు. అది కిష్టమ్మ పెళ్లినాటి చీర ముక్క. ఏడు నెలలు తిరక్కుండానే, కడుతున్న భవనం తొమ్మిదో అంతస్తులో గోడకు కట్టిన కర్రల మీది నుంచి జారి పడ్డాడు. వ్యానులో శవం వచ్చింది. శవంతోపాటు గొలుసు వేసి తాళం బిగించిన సంచి కూడా వచ్చింది. తాళంచెవి ఏమైందో ఎవరికీ తెలియదు.

దినాలు అయిన మరునాడు మాసయ్య ఆ సంచిని ముందు పెట్టుకుని కూర్చున్నాడు. తను అమ్మే తాళాలన్నిటికీ ఒకే చెవి పడుతుందని అతనికి ఎప్పుడో తెలుసు. చట్రంలోని ఒక చెవితో తీశాడు. రెండు చొక్కాలు, సిమెంటుకు అట్టకట్టిన లుంగీ, దువ్వెన, దిండు. గలీబు మీద తలనూనె మరక ఉంది. దిండులో సగం గాలి ఇంకా నిలిచే ఉంది. అతని చేతులు అలవాటు చొప్పున బిరడా తీశాయి, దిండును నేలకు అదిమాయి. గాలి సన్నగా ఈల వేసుకుంటూ పోయింది. అది ఎవరు ఊదిన గాలో అప్పుడు అతనికి తట్టలేదు. నాలుగు మడతలు పెట్టి, పక్కనున్న అమ్మకపు దిండ్ల మీద పెట్టాడు. మరునాడు బస్టాండుకు పోయాడు. ఎవరికి ఏం అమ్మాడో, ఎవరితో ఏం మాట్లాడాడో కూడా సరిగా గుర్తులేని రోజు అది.

ఆ సాయంత్రం కిష్టమ్మ అడిగింది.

“పిలగాని దిండేది?”

అతను చట్రం వైపు చూశాడు. ఒక్కొక్క దిండూ తీసి చూశాడు. ఆకుపచ్చది లేదు.

“ఎవరో తీసుకపోయిన్రు.”

“ఎవరు?”

“నాగర్‌కర్నూల్ బస్సుల. మనిషి యాదికి లేడు.”

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. పోయి కుట్టుమిషను మీద మూత పెట్టింది.

ఈరోజు నాగర్‌కర్నూల్ బస్సులో, కిటికీ పక్కన నిద్రపోతున్న ఒక పడుచు మెడ కింద ఆకుపచ్చ రంగు కనిపించింది. మాసయ్య చట్రాన్ని పక్కకు తిప్పుకుని వంగాడు. ఆమె ఉలిక్కిపడి కళ్లు తెరిచింది.

“ఏంది తాత?”

“ఏం లేదు బిడ్డా. ఆ దిండు... ఏడ కొన్నవ్?”

“దిండెక్కడిది? నా చున్నీ ఇది” అని ఆమె మడత పెట్టుకున్న గుడ్డను విప్పి చూపించింది.

“మంచిది” అన్నాడు మాసయ్య. ఆ ముక్క ఎందుకన్నాడో అతనికే తెలియదు. దిగాడు. సామ్యూల్ ఈల ఊదాడు.

మూడింటికి జైనబ్ బీ టీ బండి దగ్గర చట్రం దించి, తన చెక్కపెట్టె మీద కూర్చున్నాడు. మిగిలిన సరుకు ఉండేది ఆ పెట్టెలోనే. జైనబ్ బీ టీ గ్లాసు చేతికిచ్చి, చీర కొంగుతో మెడ తుడుచుకుంది. పదేళ్లుగా పక్కపక్కన బతుకుతున్న మనుషులు.

“కిష్టక్క ఈరోజే పోతున్నదా?”

“ఊ. ఐదింటి బస్సుకు.”

“నువ్వు ఆపవా?”

“ఏమని ఆపాలె?”

జైనబ్ బీ స్టవ్వు మంట తగ్గించింది.

కిష్టమ్మ మూడుసార్లు అడిగింది. శివ పడ్డ జాగ చూడాలని, తీసుకపొమ్మని. ‘చూసి ఏం జేస్తవ్’ అన్నాడు మొదటిసారి. ‘వచ్చే నెల’ అన్నాడు రెండోసారి. మూడోసారి చట్రం మెడకు తగిలించుకుని బయటికి పోయాడు. నిజానికి అతనికి పోవాలనీ లేదు, పోవద్దనీ లేదు. కడుపులో దుఃఖం ఉండాల్సిన చోట వేలు పెట్టి నొక్కినా ఏమీ తెలియడం లేదు. పోయిన వారం ఆమె పూణె పోయే గుంపు మేస్త్రీ లింగయ్యను కలిసింది. నలభై మందికి వంట చేయడానికి మనిషి కావాలన్నాడట. మాసయ్య అన్నం తింటుంటే వెనక నుంచి చెప్పింది.

“లింగయ్య గుంపుతోని నేను పోత.”

“పో” అన్నాడు.

ఆ ఇంట్లో అటు తర్వాత ఉప్పు, నీళ్లు, తలుపు లాంటి మాటలు తప్ప మరేమీ నడవలేదు.

నాలుగున్నరకు పూణె బస్సు వచ్చి బస్టాండు బయట వేపచెట్టు కింద ఆగింది. ప్రైవేటు బస్సు. పైన కూలీల పారలు, గిన్నెలు, సిమెంటు సంచుల్లో కట్టిన బట్టలు ఎక్కిస్తున్నారు. లింగయ్య కాగితం పట్టుకుని పేర్లు పిలుస్తున్నాడు. మధ్యలో ఇంకో రెండు బస్సులు తిరిగొచ్చిన మాసయ్య చట్రంతో అటు నడిచాడు. ప్రతిరోజూ ఈ బస్సు ఎక్కుతాడు. ఇది పన్నెండు గంటల ప్రయాణం. దిండ్లు, గొలుసులు ఎక్కువగా పోయేది దీనిలోనే.

“మెడ నొయ్యదు, తల వాలదు...” అంటూ మెట్లెక్కాడు.

రెండో సీటులో ఎవరో గొలుసు అడిగారు. ఇచ్చాడు. నాలుగో సీటులో చంటిపిల్ల తల్లి ఫ్యాను తీసుకుంది. “నెల తిరుగుతది” అని ఆమెకూ చెప్పాడు. “గాలి తీస్తే జేబుల పడ్తది, గొలుసుంది, తాళముంది, సంచి సీటుకు...”

ఏడో వరసలో కిటికీ పక్కన కిష్టమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో చేతిసంచి, సంచి మీద రెండు చేతులు. తలకు నూనె పెట్టి బిగించి ముడి వేసుకుంది. ముక్కుపుడక కింద చెమట. ఆమె అతని వైపు చూసింది. వెనక ఎవరో “తాతా, టార్చి ఉన్నదా?” అని పిలిచారు. అతను కదలలేదు.

“కిటికీల గాలి కొడ్తది” అన్నాడు ఆమెతో.

“ఊ.”

“చెవులకు గుడ్డ కట్టుకో.”

“కట్టుకుంట.”

అతను ఒక దిండు తీసి ఊదడం మొదలుపెట్టాడు. మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె అతని బుగ్గలు నిండడం, వదులవడం చూస్తూ ఉండిపోయింది. బిరడా నొక్కి, దిండు ముందుకు చాపాడు.

“ఉండనీ. అమ్ముకో” అంది కిష్టమ్మ. గొంతులో కోపం లేదు. అది ఉంటే అతనికి కొంచెం బాగుండేది.

“గిది అమ్మేది గాదు.”

చెయ్యి అలాగే చాపి ఉంచాడు. బస్సు ఇంజను మొదలైంది. సీట్లు, చట్రం మీది గొలుసులు వణికాయి.

“దినాం చూస్తున్న” అన్నాడు. “నాగర్‌కర్నూల్ బస్సుల. ఒక్క దినం తప్పలే. దొర్కుతలేదు.”

కిష్టమ్మ అతని ముఖంలోకి కాదు, చేతిలోకి చూసింది.

“తెల్సు. జైనబ్ చెప్పింది.”

దిండు అందుకుంది. బొటనవేలితో అంచంతా తడిమింది. కుట్టు కోసం వెతుకుతున్నట్టు.

“మెడకు అంటుకుంటది” అంది. తన చీర కొంగు దాని చుట్టూ రెండు చుట్లు చుట్టి, మెడ వెనక పెట్టుకుని, తల మెల్లగా ఆనించింది.

“ఎప్పుడొస్తవ్?”

“తెల్వదు.”

“ఆ జాగ చూసినంక... జైనబ్ ఫోనుకు చెయ్యి. ఎట్లుందో చెప్పు.”

ఆమె తల ఊపింది. క్లీనరు బస్సు పక్కను అరచేత్తో దబదబ కొట్టాడు. “దిగు తాతా, దిగు!” మాసయ్య చట్రం సీట్లకు తగలకుండా పక్కకు తిప్పుకుని దిగాడు. కొత్తకోట దిక్కు మలుపు తిరిగేదాకా ఏడో కిటికీ చూస్తూ నిలబడ్డాడు. లోపల నుంచి చెయ్యి ఏదీ బయటికి రాలేదు. దుమ్ము అణిగింది. కర్నూలు బస్సు వచ్చి ఆగింది. అతను ఎక్కి, ముందు నుంచి వెనక దాకా నడిచి, ఒక్క మాటా అనకుండా దిగొచ్చాడు.

జైనబ్ బీ గ్లాసులు కడుగుతూ తల ఎత్తింది.

“మాసన్నా, కిష్టక్క నీకోసం తిండి పెట్టి పోయింది. నువ్వు వేరే బస్సుల ఉండంగ వచ్చింది, తన బస్సు పోయినంకనే నీకియ్యమన్నది. జొన్నరొట్టెలట, కాల్చి ఎండబెట్టినవి. పల్లికారం కూడ ఉన్నదట. ఎనిమిది దినాలైనా ఖరాబ్ కావని చెప్పమన్నది.”

మాసయ్య చట్రం దించాడు. కూర్చోలేదు. కూర్చోవడానికి చోటు లేదు. చెక్కపెట్టె మీద, పాత పంచె ముక్కలో కట్టిన మూట ఒకటి ఉంది. దూరప్రయాణం పోయేవాళ్లకు కట్టినట్టు దాని పైముడి రెండుసార్లు బిగించి ఉంది.