గృహప్రవేశాల పెయ్య

పచ్చయమ్మ తలను ఆవు పక్కటెముకలకు ఆనించి రెండో చన్ను పట్టుకుంది. నలభై ఏళ్ళ పితుకుడుకు కుడిచేతి బొటనవేలు లోపలికి వంగిపోయింది. చెంబు ఎత్తినా, తాళం తీసినా ఆ వేలు పాలు పిండుతున్నట్టే ఉంటుంది. పదహారేళ్ళప్పుడు నెల్లూరు దగ్గరి పల్లె నుంచి ఈ అరవ పట్నానికి, వాషర్‌మెన్‌పేట్‌లోని ఈ రేకుల కొట్టానికే కోడలిగా వచ్చింది. చుట్టూ ఇళ్ళు మేడలయ్యాయి. మొగుడు పోయి ఎనిమిదేళ్ళయింది. ఇప్పుడు మూడు ఆవులు, ఒక పెయ్య మిగిలాయి.

పెయ్య పేరు మల్లి. రెండేళ్ళు నిండినా ఎనిమిది నెలల దానిలా ఉంటుంది. తెల్లగా, పచ్చయమ్మ రోజూ దువ్వడంతో నున్నగా, ఎవరు నిమిరినా మెడ చాపుతుంది. మామూలు దూడలు త్వరగా ఎదిగి లిఫ్టులో పట్టవు, కొత్త టైల్స్ మీద గెంతుతాయి. మల్లికి ఆ రెండు బాధలూ లేవు. అందుకే పురసవాక్కం నుంచి అంబత్తూరు దాకా ఏ ఫ్లాటులో గృహప్రవేశమైనా దీనికే పిలుపు. పూజకు ఆవూ దూడా ఉంటే చాలు, అవి తల్లీబిడ్డలేనా అని ఎవరూ అడగరు. పచ్చయమ్మ ఆవులు జనాన్ని చూస్తే బెదురుతాయి కనుక ఎవరిదో ఒక ఆవును, ఈ ఆరు నెలలుగా పక్క సందులోని కాళియమ్మ ఆవును జతగా తీసుకుపోయేవారు. ఏడాదిన్నరలో వంద ఇళ్ళయినా తిరిగి ఉంటాయి. పెద్ద ఆవును కింద గేటు దగ్గరే పూజించేవారు, మల్లి హాలు దాటి వంటింటి దాకా వెళ్ళేది. పచ్చయమ్మ గుమ్మం బయట, చెప్పుల పక్కన నిలబడేది.

పాలు వడగడుతుండగా ఫోను మోగింది. పశువుల డాక్టరు సుజిత. నెల కిందట మల్లి వయసు అడిగి, ఆశ్చర్యపోయి, చెవి అంచు నుంచి చిన్న ముక్క తీసుకుపోయింది. పరీక్షలో బేది రోగం వైరస్ కనిపిస్తే, ఖాయం చేసుకోవడానికి మూడు వారాలాగి మళ్ళీ తీసింది.

"రెండో పరీక్షలో గూడా అదే వచ్చింది పచ్చయమ్మా."

"దానికి బేది గూడా లేదే అమ్మా!"

"అదే కదా చిక్కు. తల్లి కడుపులో ఉండంగానే ఆ వైరస్ తగిలింది. దీని ఒళ్ళు దాన్ని సొంతం అనుకునింది, తరమలా. బతికినన్నాళ్ళూ ముక్కునీళ్ళలో, పేడలో వస్తానే ఉంటాది. పక్క ఆవులకు బేది పట్టిస్తాది. నీ మూడూ ఎప్పుడో తట్టుకోని ఉంటాయి. చూలు ఆవుకైతే కడుపు పోతాది, లేకుంటే ఇట్లాంటి పెయ్యే పుడతాది."

"మందు?"

"లేదు. వేరు చేసేదే. మా కాలేజీలో విడి కొట్టం ఉంది, మధ్యాన్నం బండి పంపిస్తా. అందాక ఏ చూలు ఆవు పక్కకూ పోనియ్యొద్దు."

పచ్చయమ్మ పాలక్యాను మూత పెట్టి అలాగే కూర్చుంది. నాలుగు నెలల కిందట కాళియమ్మ ఆవుకు బేది పట్టింది, ఆ వెనకే కడుపు పోయింది. దిష్టి అనుకున్నారు. గుమ్మడికాయ పగలగొట్టింది పచ్చయమ్మే. పోయిన వారం కాళియమ్మ కొత్త ఆవును కొన్నది. దానికి రెండో నెల చూలు. ఈ ఉదయం పురసవాక్కంలో పూజకు ఆ ఆవూ, మల్లీ కలిసి వెళ్ళాలి.

పూజలకు అరటి పిలకల నుంచి ఆవుల దాకా సమకూర్చే కిట్టు తొమ్మిదింటికి వచ్చాడు.

"ఏమక్కా, మహారాణి రెడీయా? కాళియక్క ఆవును గూడా ఒకే ట్రిప్పులో ఎక్కించేస్తా."

"మల్లి రాదు కిట్టూ. దానికి రోగం."

మల్లి అతని చొక్కా అంచు నాకుతోంది. "దీనికా? నాకంటే బాగుందే!"

పచ్చయమ్మ విషయం చెప్పింది. కిట్టు సందులోకి ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "తప్పిపోయిందని డాక్టరమ్మకు చెప్పెయ్ అక్కా. అంబత్తూరులో నా బామ్మర్ది కొట్టముంది, ఆడ కట్టేస్తా. దినాం ఒక కొత్తిల్లు, పూలదండ, అరటిపండు. కాలేజీలో ఏముంది, ఒంటిగా నాలుగు గోడలు. ఎవురికి తెలుస్తాది?"

ఆమె మల్లి గంగడోలు నిమిరింది. అది కళ్ళు మూసుకుంది. చాలాసేపు ఆ చెయ్యి ఆగలేదు.

"మీ బామ్మర్దికాడ చూలు ఆవులుండాయా?"

"రెండో మూడో ఉండాయి."

"అయితే ఒద్దు."

"సేరి, గవర్నమెంటోళ్ళ మాదిరి మాట్లాడతాండావు," అంటూ కిట్టు ఇంకో దూడను వెతుక్కోవడానికి ఫోను తీశాడు.

"కాళీ ఆవును ఎక్కించబాకు. ముందు నేను పోయి మాట్లాడతా."

పచ్చయమ్మ ఒంటికి అంటినది పోయేలా తలస్నానం చేసి, చీర మార్చుకుని వెళ్ళింది. కాళియమ్మ గడపలో కూర్చుని కొళంబు పులుసుకు చింతపండు పిసుకుతోంది.

"రా ఒదినా. ఏంది, పొద్దున్నే తలస్నానం?"

"నీ ఆవు కడుపు పోయింది దిష్టితో కాదు కాళీ. నా పెయ్యతో."

అంతా విన్నాక కాళియమ్మ చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. "తెలిసే పంపినావా?"

"లేదు. అంటిస్తాదని ఈ పొద్దే తెలిసింది. ఈ కొత్తదాన్ని మల్లి పక్కన నిలబెట్టబాకు."

కాళియమ్మ లేచి, లోపల కట్టేసిన ఆవు వైపు చూసింది. "గడప ఎక్కొద్దు ఒదినా. కొన్నాళ్ళు." పచ్చయమ్మ వెనుదిరిగి నాలుగడుగులు వేశాక మళ్ళీ అంది: "మధ్యాన్నం కొళంబు పంపిస్తా. గిన్నె నువ్వే పెట్టుకో, తిరిగి ఇయ్యబాకు."

రెండింటికి బండి వచ్చింది. వెనక పలక వాల్చగానే మల్లి ఎవరూ లాగకుండానే ఎక్కింది, గుమ్మాల దగ్గర నేర్పినట్టు కుడికాలు ముందు పెట్టి. లోపల నిలబడి, పసుపు రాసే చెయ్యి కోసం నుదురు చాపింది. బండిలో వచ్చిన సుజిత అరచేత్తో ఆ నుదురు తాకింది.

"ఆడ ఎవురన్నా నిమురుతారామ్మా?"

"నేనుంటా గదా."

బండి మలుపు తిరిగింది. పచ్చయమ్మ చూస్తూ నిలబడలేదు. సుజిత చెప్పినట్టు పలుపు కాల్చింది, తొట్టి తోమింది, నేలంతా బ్లీచింగ్ నీళ్ళతో కడిగింది. మిగిలిన మూడు ఆవులూ సాయంత్రం పితికే వేళకు అరవడం మొదలుపెట్టాయి. రేకు సందులో దోపి ఉన్నదేదో చేతికి తగిలితే తీసి, చూడకుండానే బకెట్లో వేసి, పాలచెంబు అందుకుంది.

బ్లీచింగ్ నీళ్ళ మీద ఎర్ర ప్లాస్టిక్ దువ్వెన తేలుతోంది, పళ్ళ మధ్య నాలుగు తెల్లటి వెంట్రుకలతో.